రెండు నెలల పిల్ల అన్నారు, కళ్ళు ఇప్పుడే తెరిచినట్టుంది: ఫెర్రెట్ పిల్లల అమ్మకం, రవాణా గురించి

సైనిక్‌పురి_స్వాతి
ఏప్రిల్ 12, రాత్రి 11:42

అందరికీ నమస్కారం. కుక్కల గురించి చదవడానికి ఇక్కడికి వస్తుంటాను కానీ రాయడం ఇదే మొదలు. మా తమ్ముడు తన పుట్టినరోజుకని బెంగళూరులో ఒకాయన దగ్గర వాట్సాప్‌లో ఫెర్రెట్ పిల్లని బుక్ చేశాడు. ఫెర్రెట్ అంటే చూడ్డానికి ముంగిసలా పొడుగ్గా ఉండే పెంపుడు జంతువు. 22,000 ముందే కట్టించుకున్నారు. నిన్న రాత్రి అక్కడ ట్రావెల్స్ బస్సులో వేసి, పొద్దున తొమ్మిదింటికి వెళ్ళి తీసుకోమన్నారు.

పళ్ళ షాపులో ఇచ్చే అట్టపెట్టె. నాలుగు చిల్లులు, అడుగున పేపరు, ఒక బ్రెడ్డు ముక్క. నీళ్ళు లేవు. డిక్కీలో సూట్‌కేసుల మధ్య పెట్టారు. పన్నెండు గంటల ప్రయాణం. బయటికి తీసేసరికి మెత్తగా వాలిపోయి ఉంది. కాస్త తేరుకుందనుకున్నాం కానీ రాత్రి నుంచి చొంగ కారుస్తోంది, వెనక కాళ్ళు ఈడుస్తోంది, ముందు కాళ్ళతో మూతి రుద్దుకుంటోంది. వంటింటి త్రాసు మీద పెడితే 185 గ్రాములు. అమ్మినాయనకి ఫోన్ చేస్తే "రెండు నెలల పిల్ల, ప్రయాణం అలసట, పాలు పట్టండి" అని పెట్టేశాడు. ఎవరైనా మెలకువగా ఉంటే చెప్పండి, ఏం చేయాలి?

పశువైద్యుడు_రాజేంద్రనగర్
ఏప్రిల్ 12, రాత్రి 11:51

స్వాతి గారూ, పాలు పట్టకండి. వేలికి కొద్దిగా తేనె రాసి దాని చిగుళ్ళకి పూయండి. నోట్లో పోయకండి, పొలమారుతుంది. ఇప్పుడు కనబడుతున్నవి రక్తంలో చక్కెర పడిపోయిన లక్షణాలు. అయిదు పది నిమిషాల్లో కాస్త కదలిక వస్తే వెంటనే మెత్తటి మాంసం పెట్టాలి. ఇంట్లో కోడిమాంసం ఉంటే ఉప్పూ కారం లేకుండా ఉడికించి, ఆ నీళ్ళతోనే మిక్సీలో వేసి గోరువెచ్చగా చెంచా చివర పెట్టండి. పిల్లిపిల్లలకి పెట్టే మేత గింజలు ఉంటే వేడినీళ్ళలో నానబెట్టి పెట్టినా సరే. తేనె ఒక్కటే పెట్టి వదిలేస్తే గంటలో మళ్ళీ పడిపోతుంది.

నా నంబరు మీకు విడిగా పంపాను. కదలిక రాకపోతే ఏ టైమైనా ఫోన్ చేయండి.

సైనిక్‌పురి_స్వాతి
ఏప్రిల్ 13, ఉదయం 5:20

తెల్లారేసరికి నాలుగుసార్లు తిన్నది. ఇప్పుడు నా చున్నీలో పడుకుంది. డాక్టర్ గారికి ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియట్లేదు. పదింటికి తీసుకెళ్తున్నాను.

మౌలాలి_యాదగిరి
ఏప్రిల్ 13, ఉదయం 7:05

అక్కా, పాణం దక్కింది, మంచిగయింది. కానీ గా డబ్బాల పెట్టి డిక్కీల పంపుడేంది? కూరగాయలు పంపినా పైన తడిబట్ట కప్పుతరు గదా. ఏప్రిల్ నెల, ఇంజను పక్కన డిక్కీ, లోపల ఎంత ఉడుకు ఉంటదో మా అన్న డ్రైవరు, మాకు తెలుసు. ఆ అమ్మినోని పేరు పెట్టు అక్కా, అందరికి తెల్వాలె.

మోడరేటర్
ఏప్రిల్ 13, ఉదయం 7:30

అమ్మినవాళ్ళ పేర్లు, నంబర్లు, బస్సు కంపెనీ పేరు ఇక్కడ రాయవద్దు. ఫిర్యాదు చేయాల్సిన చోట చేద్దాం. మిగతా చర్చ కొనసాగించండి.

పశువైద్యుడు_రాజేంద్రనగర్
ఏప్రిల్ 13, మధ్యాహ్నం 2:15

పిల్లని చూశాను. స్వాతి గారు రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను.

ఆడపిల్ల. ఒంట్లో నీళ్ళు తగ్గాయి, చర్మం కింద సెలైన్ ఇచ్చాను. నోట్లో పాలపళ్ళు మాత్రమే ఉన్నాయి. ఇది రెండు నెలల పిల్ల కాదు. ఫెర్రెట్ పిల్ల పుట్టినప్పుడు పది గ్రాముల చుట్టుపక్కల ఉంటుంది, కళ్ళూ చెవులూ మూసుకునే ఉంటాయి. దాదాపు అయిదో వారం దగ్గర గానీ కళ్ళు తెరవదు. తల్లిపాలు పూర్తిగా మానేది ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య. దీని కళ్ళు చూస్తే తెరిచి ఎన్నో రోజులు కాలేదు. అయిదు వారాలు, అటో ఇటో.

ఆ వయసులో పన్నెండు గంటల ప్రయాణం అంటే ఏమిటో వివరంగా చెప్తాను. ఇది పూర్తి మాంసాహారి. పేగు చాలా పొట్టి. తిన్నది మూడు నాలుగు గంటల్లో బయటికి వచ్చేస్తుంది. అంటే రాత్రి తొమ్మిదికి కడుపు నిండా పెట్టి పంపినా ఒంటిగంటకల్లా ఖాళీ. అక్కడి నుంచి ఎనిమిది గంటలు శరీరంలో ఉన్న కాస్త నిల్వ మీదే బతకాలి, 185 గ్రాముల ఒంట్లో నిల్వ ఎంతుంటుంది? బ్రెడ్డు దీనికి తిండే కాదు. మనలాగా చెమట పట్టి ఒళ్ళు చల్లబడే ఏర్పాటు కూడా దీనికి లేదు, 30 డిగ్రీలు దాటితే పెద్ద ఫెర్రెట్‌కే వడదెబ్బ తగులుతుంది. ఈ పిల్లని బతికించింది అది రాత్రి ప్రయాణం కావడమే. పగటి బస్సు అయ్యుంటే పెట్టెలోనే పోయేది.

కుక్కలకి వచ్చే డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు సోకితే ఫెర్రెట్లు దాదాపు బతకవు. మన వీధికుక్కల్లో ఆ జబ్బు ఉంది కాబట్టి బయట తిరిగిన చెప్పులు దాని గదిలోకి రాకూడదు. టీకా సంగతి నేను చూసుకుంటాను. ఎవరూ దగ్గర్లో కుక్కలకి వేసేది వేయించేయకండి. ఫెర్రెట్ కణాల్లోనే బలహీనపరిచిన వైరస్‌తో చేసిన టీకా పడితే దానివల్లే జబ్బు రావచ్చు.

నేరేడ్‌మెట్_పద్మ
ఏప్రిల్ 13, సాయంత్రం 6:40

స్వాతీ, నీ మీద కోపంతో కాదమ్మా, మనసు కష్టమై రాస్తున్నాను. మీ తమ్ముడు కట్టిన 22,000తో ఆ మనిషి వచ్చే నెల ఇంకో నాలుగు పిల్లల్ని అట్టపెట్టెల్లో పెడతాడు. ఇక్కడి వీధుల్లో కుక్కపిల్లలు తల్లి చచ్చిపోయి తిరుగుతుంటే, ఎక్కడో చలిదేశపు జంతువుని ఈ ఎండలోకి ఎందుకు తెప్పించుకోవాలి? ఇరవై ఏళ్ళుగా వీధికుక్కలకి అన్నం పెడుతున్నాను. ఇలాంటి పెట్టెలు నేనూ తెరిచాను. కొన్నిటిలో ప్రాణం లేదు.

సైనిక్‌పురి_స్వాతి
ఏప్రిల్ 13, సాయంత్రం 7:10

పద్మమ్మా, మీరన్నది నిజమే. వాడు అడగలేదు, మేమూ అడ్డుచెప్పలేదు. వాడికి 19 ఏళ్ళు, రాత్రంతా దాని పక్కనే కూర్చుని ఏడ్చాడు. ఇప్పుడు ఇది మా ఇంట్లో ఉంది, దాన్ని చూసుకుంటాం. కానీ తర్వాత వచ్చే పెట్టె సంగతి నాకు తెలియాలి. దీనికి చట్టం ఏదైనా ఉందా? ఇది వన్యప్రాణి చట్టం కిందకి వస్తుందేమోనని కూడా భయంగా ఉంది, మేం ముంగిసని పెంచుతున్నామని పక్కింటివాళ్ళు అంటున్నారు.

లలిత_న్యాయవాది
ఏప్రిల్ 13, రాత్రి 9:25

ముందు భయం తీరుస్తాను. ముంగిస వేరు. అది మన వన్యప్రాణి రక్షణ చట్టం కింద ఉంది, ఇంట్లో పెంచడం నేరం. ఫెర్రెట్ మనిషి మచ్చిక చేసుకున్న జంతువు, నీటికుక్కల కుటుంబానిది. 2022లో ఆ చట్టాన్ని సవరించి, అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారం మీద అంతర్జాతీయ ఒప్పందమైన సైటిస్ జాబితాలోని విదేశీ జంతువుల్ని కూడా చేర్చారు, వాటిని పెంచేవాళ్ళు నమోదు చేయించుకోవాలని 2024లో నిబంధనలు వచ్చాయి. పెంపుడు ఫెర్రెట్ ఆ జాబితాలో లేదు. అమెరికాలో అడవిలో ఉండే నల్లకాళ్ళ ఫెర్రెట్ ఉంది, అది వేరే జాతి.

ఇక అమ్మకం. 2018 పెట్ షాప్ నిబంధనల ప్రకారం పెంపుడు జంతువుల దుకాణం నడపాలంటే రాష్ట్ర జంతు సంక్షేమ మండలి దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి. అందులో పెంపుడు జంతువు అన్నమాటకి కుక్క, పిల్లి, కుందేలు, గినీ పిగ్, హ్యామ్‌స్టర్, పక్షులు ఇలా పేర్లు చెప్పి, వేరే చట్టం నిషేధించని ఇతర జంతువుల్ని కూడా కలిపారు. ఫెర్రెట్ పేరు లేకపోయినా ఆ చివరి మాట కిందకి వస్తుందని నేను వాదిస్తాను. అంటే వాట్సాప్‌లో అమ్మే మనిషిని మొదట అడగాల్సింది రిజిస్ట్రేషన్ నంబరు.

కుక్కపిల్లల విషయంలో 2017 నిబంధనలు స్పష్టంగా ఉన్నాయి, ఎనిమిది వారాలు నిండకుండా అమ్మకూడదు. ఫెర్రెట్ అని పేరుపెట్టి అంత స్పష్టంగా చెప్పినది లేదు. రవాణా నిబంధనలు 1978 నాటివి. వాటిలో కుక్కలకీ పిల్లులకీ విడిగా అధ్యాయం ఉంది, పశువులకి ఉంది, కోతులకి కూడా ఉంది. ఫెర్రెట్‌కి లేదు. లేదు కాబట్టి ఏం చేసినా చెల్లుతుందనుకోవద్దు. 1960 జంతు హింస నివారణ చట్టం సెక్షన్ 11 ఏ జంతువుకైనా వర్తిస్తుంది. బండిలో అనవసరమైన బాధ కలిగేలా తీసుకెళ్ళడం నేరమని అందులోనే ఉంది. అవసరమైనంత తిండి, నీళ్ళు పెట్టకపోవడమూ నేరమే.

శిక్ష ఎంతో కూడా చెప్పాలి కదా. మొదటి నేరానికి 10 నుంచి 50 రూపాయల జరిమానా. దశాబ్దాల కింద రాసిన అంకె, ఇప్పటికీ అదే.

మౌలాలి_యాదగిరి
ఏప్రిల్ 13, రాత్రి 9:40

యాభై రూపాయలా! బస్సుల ఆ డబ్బా పార్శిల్ చార్జే అంతకన్నా ఎక్కువైతది మేడం.

లలిత_న్యాయవాది
ఏప్రిల్ 13, రాత్రి 9:52

అవును యాదగిరి గారూ. అందుకే జరిమానా కోసం కాకుండా రిజిస్ట్రేషన్ లేకుండా అమ్ముతున్నాడన్న విషయం మీద నొక్కాలి, అక్కడ వ్యాపారమే ఆగుతుంది. స్వాతి గారూ, ఒక్క పని చేయండి. ఆ అట్టపెట్టె పారేయకండి. బ్రెడ్డు ముక్క, పేపరు, బస్సు రసీదు, వాట్సాప్ మాటలు, డబ్బు కట్టిన స్క్రీన్‌షాట్ అన్నీ ఉంచండి. "రెండు నెలల పిల్ల" అని అతను రాతలో ఎక్కడైనా అన్నాడా?

సైనిక్‌పురి_స్వాతి
ఏప్రిల్ 13, రాత్రి 9:58

అన్నాడు. "60 డేస్ ఓల్డ్, ఫుల్లీ వీన్డ్" అని, అంటే 60 రోజుల పిల్ల, తల్లిపాలు పూర్తిగా మానింది అని మెసేజ్ ఉంది. పెట్టె మేడ మీద గదిలో పెట్టాను.

కొలంబస్_శ్రీధర్
ఏప్రిల్ 14, ఉదయం 6:15

ఒహాయో నుంచి రాస్తున్నాను, పుట్టింది మలక్‌పేటలో. మా ఇంట్లో రెండు ఫెర్రెట్లు ఉన్నాయి, అంతకుముందు రెండు పోయాయి. ఇక్కడ అంతా సవ్యంగా ఉందని ఎవరైనా అనుకుంటారేమో, అందుకని రాస్తున్నాను.

అమెరికా చట్టం కుక్కపిల్లల్నీ పిల్లిపిల్లల్నీ ఎనిమిది వారాలు నిండి పాలు మానితే తప్ప వ్యాపారానికి రవాణా చేయనివ్వదు. ఫెర్రెట్లు మాత్రం "ఇతర జంతువులు" అన్న గుంపులో పడిపోతాయి. అందుకే పెద్ద ఫారాలు ఆడవాటికీ మగవాటికీ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు, వాసన గ్రంథులు తీసేయడం అయిదారు వారాల వయసులోనే చేసి దుకాణాలకి పంపేవి. నా మొదటి ఫెర్రెట్ అలా వచ్చిందే. నాలుగో ఏట ఎడ్రినల్ జబ్బుతో, అంటే మూత్రపిండాల పక్కనుండే గ్రంథికి వచ్చే జబ్బుతో, బొచ్చంతా రాలిపోయింది. మరీ చిన్నప్పుడే ఆపరేషన్ చేయడానికీ ఈ జబ్బుకీ సంబంధం ఉందని పశువైద్యులు చాలాకాలంగా అంటున్నారు. దాన్ని నా చేతుల్లోనే శాశ్వతంగా నిద్రపుచ్చారు. ఆ రోజు నుంచి దుకాణంలో కొనలేదు, తల్లిని చూపించే పెంపకందారు దగ్గరికి అయిదు గంటలు కారు నడిపి వెళ్ళాను. పది వారాల దాకా ఇవ్వనన్నారు, ఆగాను.

ఇంగ్లండ్‌లో 2018 అక్టోబరు 1 నుంచి పెంపుడు జంతువుల్ని వ్యాపారంగా అమ్మేవాళ్ళందరికీ కొత్త లైసెన్సు నిబంధనలు వచ్చాయి. పదహారేళ్ళ లోపు పిల్లలకి జంతువుని అమ్మకూడదు. మన దగ్గర వాట్సాప్‌లో వయసు అడిగేవాడే లేడు.

మౌలాలి_యాదగిరి
ఏప్రిల్ 14, ఉదయం 8:00

శ్రీధరన్నా, ఇవన్నీ ఎందుకు, మొత్తం బందు పెడితే అయిపోతది గదా. మన ఎండకు పనికిరాని జంతువు మనకెందుకు? ఏసీ ఉన్నోళ్ళకే బతికే పాణమా?

కొలంబస్_శ్రీధర్
ఏప్రిల్ 14, ఉదయం 8:30

బందు పెట్టిన చోట్లు ఉన్నాయి తమ్ముడూ. కాలిఫోర్నియా, హవాయి రాష్ట్రాల్లో పెంచడమే నిషేధం. న్యూజీలాండ్ 2002లో అమ్మకాన్నీ, పిల్లల్ని పుట్టించడాన్నీ ఆపేసింది. కానీ అక్కడ కారణం వేరు, అడవిలోకి పోయిన ఫెర్రెట్లు ఎగరలేని పక్షుల్ని తినేస్తున్నాయని. అంత నిషేధం ఉన్నా కాలిఫోర్నియాలో చాటుగా పెంచేవాళ్ళు ఉన్నారు, జబ్బు చేస్తే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడానికి భయపడతారు. ఆ బాధ జంతువుకే.

మెహిదీపట్నం_ఇమ్రాన్
ఏప్రిల్ 14, రాత్రి 10:50

రెండు రోజులుగా చదువుతున్న. రాయాల్నా వద్దా అనుకున్న. నేను ఆరేండ్లు పాతబస్తీల పక్షుల దుకాణంల, తర్వాత ఇంకో పెట్ షాపుల పనిచేసిన. ఇప్పుడు మానేసిన, ఆటో నడుపుతున్న. అయిదు వారాల పిల్లను ఎందుకు అమ్ముతరో మీల ఎవ్వరు చెప్పలే, నేను చెప్త.

అయిదు వారాల పిల్ల చేతిల పెడితే పడుకుంటది. కొనేటోళ్ళు "ఎంత సాధువో చూడు" అంటరు. అది సాధువు కాదు, దానికి బలం లేదు. అదే పిల్ల ఎనిమిది వారాలకు వచ్చిందంటే ఆటకు వేలు కొరుకుతది, రక్తం వస్తది. తల్లితోని, తోడబుట్టినవాటితోని ఉంటే ఎంత గట్టిగ కొరకాలె, ఎక్కడ ఆపాలె అన్నది అక్కడనే నేర్చుకుంటది. ముందుగాల తీసుకపోతే అది నేర్వదు. ఇంటికి పోయినంక నెలరోజులకు కొరుకుతుందని వెనక్కి తెస్తరు. మేం దాన్ని మళ్ళ అమ్మేది.

ఇంకొకటి. పిల్ల ఉన్నన్ని రోజులు తిండి ఖర్చు. మూడు వారాలు ముందుగాల పంపితే మూడు వారాల మాంసం పైసలు మిగులుతయి. పదిల రెండో మూడో తోవల పోయినా సేటుకు నష్టం రాదు, ధరల అది ముందే కలిపి ఉంటది. పోయిన దానికి బదులు ఇంకోటి పంపుతరు, గొడవ కాదు. నేను పెట్టెలు విప్పి సచ్చిన వాటిని బయటపడేసిన. అన్నం తినబుద్ధి కాకపోయేది. అందుకే మానేసిన.

చిన్నది కావాలె, ఇంకా చిన్నది కావాలె అని అడిగేది కొనేటోళ్ళే. "తల్లిని చూపియ్యి" అని అడిగినోడు ఆరేండ్లల ఒక్కడు కనబడలే.

నేరేడ్‌మెట్_పద్మ
ఏప్రిల్ 15, ఉదయం 6:30

ఇమ్రాన్ బాబూ, నువ్వు ఇది రాసినందుకు చేతులెత్తి దండం పెడుతున్నా.

పశువైద్యుడు_రాజేంద్రనగర్
ఏప్రిల్ 15, మధ్యాహ్నం 1:30

ఇమ్రాన్ గారు రాసిన దాంట్లోనే నాకు మార్గం కనబడుతోంది. ఎనిమిది వారాలు అని కాగితం మీద రాసినంత మాత్రాన ఎవరు లెక్కపెడతారు? పుట్టినతేదీ అమ్మేవాడి నోట్లో ఉంటుంది. కానీ ఫెర్రెట్ నోట్లో కూడా ఉంటుంది. శాశ్వత కోరపళ్ళు ఏడో వారం దగ్గర మొలుస్తాయి, అప్పటికి పాల కోరలు ఇంకా ఊడవు. కొన్ని రోజులపాటు పాతదీ కొత్తదీ పక్కపక్కనే ఉంటాయి. ఏ పశువైద్యుడైనా పెదవి ఎత్తి చూస్తే నిమిషంలో తెలుస్తుంది. కొత్త కోరలు పూర్తిగా రాని పిల్లని కదపకూడదు అని ఒక్క వాక్యం నిబంధనల్లో ఉంటే, పుట్టినతేదీ అబద్ధం చెప్పినా ఫలితం ఉండదు.

లలిత గారూ, రాష్ట్ర మండలికి మనం వినతిపత్రం ఇచ్చేట్టయితే ఇది అడగాలని నా కోరిక. దాంతోపాటు బస్సు పార్శిల్‌లో ప్రాణమున్న దేన్నీ తీసుకోకూడదని, అమ్మేవాడో కొనేవాడో మనిషి వెంట ఉండి తెచ్చుకోవాలని. మనిషి వెంట ఉంటే మూడు గంటలకోసారి తిండి పెడతాడు, నీళ్ళు పడతాడు, వేడి తగిలితే గ్రహిస్తాడు. నేను ఇంకా చాలా కోరుకుంటాను గానీ ఈ రెండూ జరిగితే నా బల్ల మీదకి వచ్చే చావులు తగ్గుతాయి.

లలిత_న్యాయవాది
ఏప్రిల్ 15, రాత్రి 8:45

పళ్ళ సంగతి చాలా బాగుంది డాక్టర్ గారూ, కోర్టులో నిలబడే సాక్ష్యం అది. వినతిపత్రం ముసాయిదా నేను రాస్తాను. స్వాతి గారి ఫిర్యాదు విడిగా వెళ్ళాలి, ఒకటి ఇక్కడ జిల్లా ఎస్‌పీసీఏకి (జంతు హింస నివారణ సంఘానికి), ఒకటి కర్ణాటక మండలికి, అమ్మినవాడు అక్కడివాడు కాబట్టి. డాక్టర్ గారూ, ఈ పిల్ల వయసు గురించి మీరు రాతపూర్వకంగా ఇవ్వగలరా?

పశువైద్యుడు_రాజేంద్రనగర్
ఏప్రిల్ 15, రాత్రి 9:10

ఇప్పుడిస్తే ఏడు వారాల లోపు అని మాత్రమే ఇవ్వగలను. అదే చాలు అతని మెసేజ్ అబద్ధమని చెప్పడానికి. కానీ కొన్నాళ్ళు ఆగితే ఇంకా కచ్చితంగా చెప్పొచ్చు. స్వాతి గారూ, రోజూ ఒకే వేళకి పెదవి ఎత్తి పై కోరల దగ్గర ఫోటో తీసి ఉంచండి. బరువు కూడా రాయండి.

సైనిక్‌పురి_స్వాతి
ఏప్రిల్ 20, సాయంత్రం 5:30

255 గ్రాములు. మా వీధి చికెన్ షాపాయన రోజూ కార్జం, మెత్తటి ఖీమా విడిగా కట్టి ఉంచుతున్నాడు. మధ్యాహ్నం గదిలో కూలర్ సరిపోవట్లేదు, తేమకి ఇంకా ఆయాసపడుతోంది. ఏసీ వేసి మా తమ్ముడు అక్కడే చదువుకుంటున్నాడు. ఇంకా కొత్త కోరలు లేవు.

పశువైద్యుడు_రాజేంద్రనగర్
ఏప్రిల్ 20, రాత్రి 7:00

కూలర్ వద్దు, సరిగ్గా గమనించారు. ఇంకో మాట, ఆడది కాబట్టి ఇప్పుడే మనసులో పెట్టుకోండి. పెద్దయ్యాక ఎదకి వస్తే మగదానితో కలిసేదాకా ఎద దిగదు, నెలల తరబడి అలాగే ఉండి రక్తం క్షీణించి చనిపోవచ్చు. ఎదకి వచ్చే ముందే ఆపరేషన్ గురించి మాట్లాడుకుందాం. ఇది కూడా అమ్మేవాళ్ళు చెప్పరు.

మెహిదీపట్నం_ఇమ్రాన్
ఏప్రిల్ 24, రాత్రి 11:15

నేను పనిచేసిన దుకాణం గల్లీకి పోయి ఇద్దరు ముగ్గురితోని మాట్లాడిన. ఒకాయన కోపానికొచ్చిండు. ఒకాయన మాత్రం అన్నడు, అందరికి ఒకటే రూలుంటే నాకు కూడా మంచిదే, ఇప్పుడు నేను ఎనిమిది వారాలు ఆగితే పక్కోడు అయిదు వారాలకే అమ్ముకుంటుండు అని. వినతిపత్రం మీద సంతకం చేస్తనన్నడు. లలిత మేడం, దుకాణందారుల సంతకం పనికొస్తదా?

లలిత_న్యాయవాది
ఏప్రిల్ 25, ఉదయం 7:20

మా అందరి సంతకాలకంటే ఆయనదే ఎక్కువ పనికొస్తుంది ఇమ్రాన్ గారూ. తప్పకుండా తీసుకోండి.

సైనిక్‌పురి_స్వాతి
ఏప్రిల్ 27, ఉదయం 8:05

డాక్టర్ గారూ, వచ్చింది! పైన కుడివైపు పాల కోర పక్కనే తెల్లగా చిన్న మొన కనబడుతోంది. నిన్నటి ఫోటోలో లేదు. బరువు 348.

పశువైద్యుడు_రాజేంద్రనగర్
ఏప్రిల్ 27, మధ్యాహ్నం 12:40

ఫోటోలు వరుసగా చూశాను. శాశ్వత కోర ఇవాళ మొలిచింది. ఏడు వారాలు అనుకుని వెనక్కి లెక్కేస్తే మార్చి రెండో వారంలో పుట్టింది. అంటే మీ చేతికి వచ్చిన రోజున దానికి 34 రోజుల చుట్టుపక్కల వయసు. తల్లి దగ్గర నుంచి తీసేనాటికి కళ్ళు తెరిచి ఒకటో రెండో రోజులు. ధ్రువపత్రం రాసి సంతకం పెట్టి ఉంచాను, ఫోటోలు తేదీలతో జతచేశాను. సాయంత్రం ఎప్పుడైనా తీసుకోండి.

మౌలాలి_యాదగిరి
ఏప్రిల్ 27, మధ్యాహ్నం 1:00

కళ్ళు తెరిచి చూసేసరికి డిక్కీల చీకటి. నాకు ఏమనాల్నో తెలుస్తలేదు అక్కా. నేను కూడ వస్త, ఎక్కడికి రావాలె?

లలిత_న్యాయవాది
ఏప్రిల్ 27, సాయంత్రం 4:30

సోమవారం పదకొండింటికి. ముందు ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకుందాం, తర్వాత వినతిపత్రం. పద్మ గారిని నేను కారులో తీసుకొస్తాను. ఇమ్రాన్ గారూ, ఆ దుకాణం ఆయన రాగలిగితే రమ్మనండి. స్వాతి గారూ, అసలు కాగితాలతోపాటు జిరాక్సులు మూడు సెట్లు.

సైనిక్‌పురి_స్వాతి
ఏప్రిల్ 27, సాయంత్రం 4:41

జిరాక్సులు తమ్ముడు తీయిస్తున్నాడు. పెట్టె అలాగే ఉంది, బ్రెడ్డు ముక్క కూడా. సోమవారం తీసుకొస్తాను.